గోరంత బిగుతు

ఎవరు దుకాణం మెట్టెక్కినా టైలరు ముందు మొహం చూడడు. చొక్కా పక్క కుట్టును బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య పట్టుకుని ఒకసారి నలుపుతాడు. లోపల గుడ్డ ఎంత వదిలారో చూస్తాడు. కుట్టింది వేరేవాళ్ళయితే పెదవి విరుస్తాడు. ఆ తర్వాతే "రండి" అంటాడు.

మొదటిసారి అత్తవారింటికి వెళ్ళినప్పుడు కూడా ఇదే చేశాడని భార్య అందరికీ చెబుతుంది. "కూర్చోమంటే కూర్చోకుండా మా నాన్న చొక్కా పట్టుకుని నలిపాడు. ఇంకా నయం, మా అమ్మ జోలికి పోలేదు."

కింద దుకాణం, పైన ఇల్లు. రెంటికీ మధ్య ఇనుప మెట్లు. ఎవరు ఎక్కినా దిగినా కింద మిషను దగ్గర కూర్చున్నవాడికి తెలుస్తుంది. దుకాణంలో నిలువుటద్దం ఉంది. దాని అడుగున రసం పోయింది కాబట్టి మనుషులు అందులో మోకాళ్ళ దాకానే ఉంటారు. ఒక మూల తెర కట్టి ఉంటుంది, తొడిగి చూసుకోవడానికి. గోడ పొడుగునా బూడిద రంగు గుడ్డ, తెల్ల గుడ్డ. రోడ్డు చివరి బడికి యూనిఫారాలన్నీ అతనే కుడతాడు. ఆ పని మేనమామ దగ్గర నేర్చుకున్నాడు. మేనమామ పోయాక దుకాణం అతనిదైంది.

మాటలు తక్కువ. నడుము, పొడవు, ఎప్పటికి కావాలి. రోజంతా వీటితోనే గడుస్తుంది. "మాట కూడా కొలిచి కత్తిరించి ఇస్తాడు మా ఆయన," అంటుంది భార్య. పిల్లల బట్టల దగ్గర మాత్రం కాస్త ఎక్కువ మాట్లాడతాడు. ఏ తల్లయినా సరిగ్గా ఒంటికి పట్టేలా కుట్టమంటే ఒప్పుకోడు. "లోపల గుడ్డ వదలకపోతే వచ్చే ఏడాది వీడేం వేసుకుంటాడమ్మా?" అంటాడు. అందుకే ఆ వీధిలో అతనికి మంచి పేరు.

భార్య బిస్కట్ల ఫ్యాక్టరీలో ప్యాకింగ్ విభాగంలో పని చేస్తుంది. విరిగిన బిస్కట్లను పనివాళ్ళు ఇంటికి తీసుకెళ్ళవచ్చు. సాయంత్రం ఆమె తలలో చక్కెర పొడి ఉంటుంది, చేతిలో సంచి ఉంటుంది. వచ్చీ రాగానే వంటింట్లో రేకు డబ్బా నింపుతుంది.

వాళ్ళకు ఒక్కడే కొడుకు. పుట్టడమే బొద్దుగా పుట్టాడు. ఎత్తుకున్నవాళ్ళంతా బుగ్గలు గిల్లి ఇచ్చేవాళ్ళు. బడి నుంచి వచ్చేసరికి తల్లి ఇంకా ఫ్యాక్టరీలో ఉంటుంది, తండ్రి తల మిషను మీద వంగి ఉంటుంది. పిల్లవాడు ఇనుప మెట్లెక్కి పైకి పోతాడు. "నేనొచ్చేదాకా డబ్బాలోవి తింటూ ఉండు నాన్నా," అని తల్లి చిన్నప్పుడే చెప్పి పెట్టింది. వాడు తింటూ ఉన్నాడు. కిటికీ దగ్గర నిలబడి, బస్సులు పోతుంటే చూస్తూ తిన్నాడు. ఆకలేసినప్పుడు తిన్నాడు. ఆకలి లేనప్పుడు, తల్లి ఆలస్యంగా వచ్చినప్పుడు, బడిలో ఎవరూ పక్కన కూర్చోనివ్వని రోజున, ఇంకా ఎక్కువ తిన్నాడు. మూత చప్పుడు కాకుండా పెట్టడం నేర్చుకున్నాడు. మర్నాడు డబ్బా మళ్ళీ నిండి ఉండేది. ఖాళీ చేసినందుకు ఎవరూ ఏమీ అనలేదు.

ఏటా వేసవిలో టైలరు కొడుకు ప్యాంట్ల కుట్లు విప్పి, లోపలి గుడ్డ బయటికి తీసేవాడు. ఒక ఏడాది విప్పితే తీయడానికి లోపల ఏమీ లేదు. కొత్త గుడ్డ పరిచి, పెద్దవాళ్ళ కొలతతో కత్తిరించాడు. కత్తిరిస్తూ ఒకసారి కత్తెర ఆపాడు. మళ్ళీ కత్తిరించాడు.

బడి తెరిచే ముందు దుకాణం నిండా పిల్లలు. ఒక పొడుగు కుర్రాడు స్టూలెక్కి నిలబడ్డాడు. టైలరు నోట్లో గుండుసూదులు పట్టుకుని, వాడి ప్యాంటు అంచు మడుస్తున్నాడు.

"అంకుల్, డ్రమ్ముగాడి ప్యాంటు అయిపోయిందా?" అన్నాడు ఆ కుర్రాడు. "వాడికి కుట్టాక గుడ్డ మిగిలితే మా క్లాసందరికీ తలా ఒకటి కుట్టెయ్యండి."

"మిగలడమా? వాడికి టెంటు గుడ్డ తెప్పించాలిరా," అన్నాడు ఇంకొకడు.

అందరూ నవ్వారు. డ్రమ్ము ఎవరో టైలరుకు తెలియదు. గిరాకీ పిల్లలు కదా అని అతనూ పెదవుల మధ్య సూదులు జారకుండా కొంచెం నవ్వాడు. ఆ నవ్వుతోనే అద్దంలోకి చూశాడు. అద్దంలో వెనక తెర కనబడింది. తిరిగి చూస్తే తెర కింద కొడుకు పాదాలు. వాడు లోపల ప్యాంటు సగం ఎక్కించుకుని నిలబడి ఉన్నాడు.

పిల్లలందరూ వెళ్ళిపోయే దాకా వాడు బయటికి రాలేదు. వచ్చాక ప్యాంటు మడిచి బల్ల మీద పెట్టాడు.

"నాన్నా, సూదులు నోట్లో పెట్టుకుని నవ్వకు. గుచ్చుకుంటాయి," అన్నాడు. పైకి వెళ్ళిపోయాడు.

ఆ ఏడాదే బడిలో పిల్లలకు ఆరోగ్య పరీక్షలు చేశారు. నర్సు టైలరును పిలిపించింది. చిన్న వయసు ఆమెది. అలిసిపోయి ఉంది.

"మీ అబ్బాయి బరువు వయసుకి చాలా ఎక్కువండీ. తిట్టకండి, కొట్టకండి. కూర్చోబెట్టి మాట్లాడండి."

"ఏం మాట్లాడాలి మేడం?"

"ఏం తింటున్నాడు, ఎందుకు తింటున్నాడు, ఎవరైనా ఏడిపిస్తున్నారా... అలా."

దారి పొడుగునా మాటలు కూడబలుక్కున్నాడు. ఇంటికి వచ్చేసరికి కొడుకు మెట్ల మీద కూర్చుని ఉన్నాడు. టైలరు ఎదురుగా నిలబడ్డాడు. చాలాసేపు నిలబడ్డాడు.

"తిన్నావా?" అన్నాడు.

"ఆ," అన్నాడు కొడుకు.

మాట్లాడటం అయిపోయింది.

ఆదివారం మధ్యాహ్నం కొడుకు ట్యూషన్‌కు పోయాడు. టైలరు వాడి ప్యాంటు తీసి, నడుము పట్టీ వెనక కుట్టు విప్పి, గోరంత లోపలికి పట్టి మళ్ళీ కుట్టేశాడు. చేతిలో పని తప్ప అతనికి వేరే భాష రాదు. నోటితో అంటే పిల్లవాడికి గుచ్చుకుంటుంది. గుడ్డ బిగిస్తే ఎవరి మీదా కోపం రాదు. తనంతట తనే తెలుసుకుంటాడు, ఒక ముద్ద తగ్గిస్తాడు. ఇలా అనుకున్నాడు. కొడుకు మీద దయతోనే అనుకున్నాడు. కుట్టు అయ్యాక ఇస్త్రీ చేసి, ఎప్పటిలాగే వంకెకు తగిలించాడు.

తర్వాత చొక్కాల పక్కలు. ఇంట్లో వేసుకునే నిక్కర్లు. వాడి ఒంటి మీద గుడ్డంతా నాన్న కుట్టిందే. కొన్నాళ్ళయ్యాక ఇంకో గోరంత.

పక్క కొట్లో ఇస్త్రీ చేసే మనిషి టైలరును బావా అంటాడు. చుట్టరికం ఏమీ లేదు. పక్కపక్కన ఉండి ఉండి వచ్చిన వరస అది. ఒకరోజు టైలరు ఊళ్ళో లేకపోతే పిల్లవాడి బట్టలు అతని దగ్గరికి వెళ్ళాయి. మర్నాడు ప్యాంటు పట్టుకుని వచ్చాడు.

"ఏం బావా, ఈ పట్టీ ఇన్నిసార్లు విప్పి కుట్టారేంటి? జల్లెడలా ఉంది."

టైలరు అటూ ఇటూ చూసి సంగతి చెప్పాడు. ఇస్త్రీ మనిషి పొట్ట పట్టుకుని నవ్వాడు.

"మా ఆవిడకీ కుట్టిపెట్టు బావా. కాకపోతే నడుముకి కాదు, నోటికి." కాసేపటికి నవ్వు ఆపాడు. "వాడికి తెలుసా?"

"తెలిస్తే ఇంకెందుకు?"

"చెప్పెయ్యి బావా. పసివాడు. ఇలాంటివి వద్దు."

"తగ్గాక చెప్తా."

పిల్లవాడు తగ్గడం మొదలుపెట్టాడు. పొద్దున ఆకలి లేదనేవాడు. బడికి కట్టి ఇచ్చిన అన్నం డబ్బా ఖాళీగా ఇంటికి వచ్చేది. బడి గోడ అవతల పారబోస్తున్నాడని తర్వాత తెలిసింది. కొన్ని సాయంత్రాలు మాత్రం పట్టు తప్పేది. వంటింట్లో నిలబడి రేకు డబ్బా అడుగుదాకా తినేసి, స్నానాల గదిలోకి పోయి కుళాయి తిప్పేవాడు. కుళాయి చాలాసేపు పారేది. కింద మిషను దగ్గర తండ్రికి ఆ నీళ్ళ చప్పుడు వినిపించేది. పిల్లవాడికి శుభ్రత వచ్చిందనుకున్నాడు. ఖాళీ డబ్బా చూసి తల్లి, "పోనీలే, ఇవాళైనా కాస్త తిన్నాడు," అని మళ్ళీ నింపేది. వాడి కుడిచేతి వేళ్ళ కణుపుల మీద పుళ్ళు కనబడితే అడిగింది. గోడకు గీసుకుందన్నాడు. మందు రాసింది.

మొహంలోంచి దవడ ఎముక బయటపడింది. చూడవచ్చిన పెద్దమ్మ, "ఎంత బాగున్నావురా! ఇన్నాళ్ళూ ఈ మొహం ఎక్కడ దాచావు?" అంది. బడిలో మాత్రం వాడు డ్రమ్ముగానే ఉన్నాడు. ఒళ్ళు తగ్గితే పేరు తగ్గలేదు.

టైలరు కంటితోనే కొలత చెప్పగలడు. వాడు ఎంత తగ్గాడో అతనికి తెలుసు. పట్టీ వదులు చేయాలని కూడా తెలుసు. చేయలేదు. ఇప్పుడు వదిలితే మళ్ళీ మొదటికి వస్తుందని భయపడ్డాడు. వాడు తగ్గిన కొద్దీ గుడ్డనూ తగ్గించాడు. బిగుతు మాత్రం మొదట్లో ఎంత పెట్టాడో అంతే ఉంచాడు.

ఒక మధ్యాహ్నం పిల్లవాడు దుకాణంలో అద్దం ముందు నిలబడ్డాడు. ఊపిరి బిగబట్టి, వేలు నడుము పట్టీలోకి దూర్చబోయాడు. వేలు దూరలేదు.

"చూడు నాన్నా. ఇంకా పట్టడం లేదు."

టైలరు చేతిలో సుద్ద ఉంది.

"కాస్త బిగుతే," అన్నాడు.

"స్కూల్లో నర్సు మళ్ళీ బరువు చూసింది. చాలా తగ్గావు, ఇంక తగ్గకూడదు అంది. ఆ మిషను పాడైపోయింది నాన్నా. నన్ను ఓదార్చడానికి అలా చెప్తోంది. నీ కొలత తప్పదు కదా?"

టైలరు సుద్ద అంచును గోటితో గీకాడు.

"ఇంకొంచెమే," అన్నాడు. "ఓపిక పట్టు."

ఆ మాటను పిల్లవాడు చాలా జాగ్రత్తగా పైకి తీసుకెళ్ళాడు.

ఎండలు ముదిరాక కూడా స్వెట్టరు తీసేవాడు కాదు. దువ్వెన నిండా వెంట్రుకలు. ఒక రోజు బడి నుంచి వచ్చి ఇనుప మెట్లెక్కుతున్నాడు. కింద తండ్రికి అడుగుల చప్పుడు వినిపించింది. సగంలో ఆగింది. తర్వాత వేరే చప్పుడు.

ముందు పరుగెత్తింది ఇస్త్రీ మనిషి. పిల్లవాడిని రెండు చేతుల మీదా ఎత్తుకుని కిందికి దిగాడు. బరువైన మూటకు సిద్ధపడ్డవాడిలా నడుము వంచి ఎత్తాడు. అంత బరువు లేకపోయేసరికి వెనక్కి తూలాడు.

"ఏంటి బావా, ఇంత తేలిగ్గా ఉన్నాడు..." అన్నాడు. టైలరు మొహం చూసి, పిల్లవాడితో రోడ్డు మీదికి పరుగెత్తాడు.

ఆసుపత్రిలో డాక్టరు పెద్దావిడ. టైలరునూ భార్యనూ తన గదిలో కూర్చోబెట్టి చెప్పింది.

"ఒంట్లో ఉండాల్సిన లవణాలు పడిపోయాయి. గుండె కొట్టుకోవాల్సిన తీరులో కొట్టుకోవడం లేదు. తిండి మానేశాడు. తిన్నది తిన్నట్టు కక్కేస్తున్నాడు. చాలా నెలల నుంచి జరుగుతోంది ఇది."

"లేదండీ," అంది తల్లి. "తింటాడు. బిస్కట్ల డబ్బా ఖాళీ అవుతూనే ఉంటుంది."

"అందుకేనమ్మా చెప్తున్నాను." డాక్టరు టైలరు వైపు తిరిగింది. "ఇక్కడ ఏది పెట్టినా తోసేస్తున్నాడు. లావుగా ఉన్నానంటాడు. పక్కటెముకలు పైకి కనబడుతున్నాయి, లావంటాడు. ఎందుకురా అలా అనుకుంటున్నావంటే, మా నాన్న కుట్టిన ప్యాంటు ఇంకా పట్టడం లేదంటాడు. మీరు టైలరట కదా. అదేంటి?"

టైలరు చెప్పాడు. గోడ వైపు చూస్తూ చెప్పాడు. డాక్టరు కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టింది. భార్య పక్కనున్న కుర్చీలో కదలకుండా కూర్చుంది.

"వాడికి ఈ జబ్బు రావడానికి కారణాలు చాలా ఉండొచ్చు. మీ ప్యాంటు ఒక్కటే కాదు," అంది డాక్టరు చివరికి. "కానీ వాడు పట్టుకుని వేలాడుతున్నది దాన్నే. మీరే చెప్పాలి. ఇవాళే చెప్పండి. నమ్మితే ఒక ముద్ద తింటాడేమో. తినకపోతే గొట్టం వేసి పోస్తాం. దాన్ని లాగేస్తే ఆ గుండె ఎంతకని ఓర్చుకుంటుందో నేను చెప్పలేను."

సాయంత్రం టైలరు ఇంటికి పోయి ప్యాంటు తెచ్చాడు. మంచం అంచున కూర్చున్నాడు. భార్య పాల కప్పుతో అవతల నిలబడింది. కిటికీలోంచి ఎదుటి భవనం గోడ తప్ప ఏమీ కనబడదు. పిల్లవాడు పైకప్పు చూస్తున్నాడు.

టైలరు మాట్లాడాడు. బతుకులో ఎన్నడూ ఒక్కసారి అన్ని మాటలు మాట్లాడి ఉండడు. నర్సు పిలిపించిన రోజు నుంచి మొదలుపెట్టాడు. ఆదివారాల గురించి చెప్పాడు. చొక్కాలు, నిక్కర్లు అన్నీ చెప్పాడు. అద్దం ముందు నువ్వు అడిగినప్పుడు చెప్పాల్సింది, చెప్పలేదు అన్నాడు. నువ్వు ఎప్పుడో తగ్గిపోయావురా అన్నాడు.

పిల్లవాడు అంతా విన్నాడు.

"డాక్టరమ్మ ఇలా చెప్పమందా?"

"కాదురా. నేనే చేశాను."

"ఎందుకు చేస్తావు? నువ్వలా చెయ్యవు."

టైలరు పట్టీ తిరగేసి చూపించాడు. సూది రంధ్రాలు వరస మీద వరస. లోపలికి మడిచిన గుడ్డకు ఇంకా రంగు పోలేదు. "చూడు, ఎంత గుడ్డ మింగించానో. ఇదంతా బయట ఉండాల్సిందిరా."

పిల్లవాడు వేలితో తడిమాడు. పుట్టినప్పటి నుంచి మిషను పక్కన పెరిగినవాడు.

"దారం కొత్తది," అన్నాడు. "ఇవాళ కుట్టుకొచ్చావు."

టైలరు మెడలోంచి టేపు తీశాడు. దుప్పటి తొలగించి నడుము చుట్టూ పెట్టి, అంకె చూపించాడు. పిల్లవాడు అంకె చూశాడు. తండ్రి వేళ్ళను కూడా చూశాడు.

"టేపు నీ చేతిలో ఉంది కదా నాన్నా."

"అయితే నువ్వే పట్టుకో. నువ్వే కొలువు."

"పడుకుంటే పొట్ట లోపలికి పోతుంది. అది లెక్క కాదు." టేపు చుట్టి, తండ్రి ఒళ్ళో పెట్టాడు. "నేను తినాలని మీరు ఎంత కష్టపడుతున్నారో నాకు తెలుసు. నా మీద కోపం రాకుండా నువ్వు తప్పు నీ మీద వేసుకుంటున్నావు. నువ్వు చాలా మంచివాడివి నాన్నా."

తల్లి కప్పు బల్ల మీద పెట్టేసింది.

"కాస్త బయటికి వెళ్ళండి," అంది భర్తతో. మొహం చూడకుండా అంది.

మర్నాడు పొద్దున టైలరు బజారులో రెడీమేడ్ దుకాణం ముందు నిలబడ్డాడు, ఇంకా షట్టరు ఎత్తకముందే. తన చేయి పడని గుడ్డయితే వాడు నమ్ముతాడని రాత్రి తోచింది. లోపలికి వెళ్ళిన మొదటి మనిషి అతనే.

"ఎవరికి సార్?" అన్నాడు అమ్మేవాడు.

"మా అబ్బాయికి. పదిహేనేళ్ళు."

"నడుము?"

చెప్పాడు.

"సార్, అది చిన్నపిల్లల సైజు. ఇంటికెళ్ళి ఒకసారి సరిగ్గా కొలుచుకుని రండి. తర్వాత మార్చమంటే మార్చను."

"కొలిచాను."

అమ్మేవాడు భుజాలెగరేసి, చిన్నపిల్లల అరలోంచి ఒకటి తీశాడు. జేబు మీద విమానం బొమ్మ ఉంది. పొడవు చాలదు. నడుము సరిపోతుంది. టైలరు దాన్ని ఇచ్చిన కవరులోనే ఉంచి, తెరవకుండా ఆసుపత్రికి తీసుకెళ్ళాడు.

పిల్లవాడు మేలుకునే ఉన్నాడు. కవరు తనే తెరిచాడు. ప్యాంటు తీసి, బొమ్మ చూసి, తిరగేశాడు. పట్టీ లోపల ఉన్న లేబులును రెండు వేళ్ళతో పట్టుకుని, అంకె చదివాడు. చాలాసేపు చదివాడు. తల్లి వాడి వేళ్ళనే చూస్తోంది.

"లేబులు చాలా బాగా కుట్టావు నాన్నా," అన్నాడు. "అచ్చం షాపులో కొన్నట్టే ఉంది."

ప్యాంటు మడిచి కవరులో పెట్టి, కవరు తండ్రికి ఇచ్చి, గోడ వైపు తిరిగి పడుకున్నాడు.

టైలరు కవరు కుర్చీ కింద పెట్టాడు. బల్ల మీద పాలకు మీగడ కట్టింది. కప్పు తీసుకుని వరండాలో కుళాయి దగ్గర పారబోశాడు, కడిగాడు. క్యాంటీన్‌కు దిగి వేడిగా పాలు పోయించుకుని పైకి వచ్చాడు. మంచం పక్కన, కొడుకు వీపు వెనక, కప్పు పట్టుకుని నిలబడ్డాడు. అవి చల్లారాక మళ్ళీ కిందికి వెళ్ళాడు.